మూడవ గంట

వెలికొండల పాదమున, కడప నెల్లూరు సీమలు కలిసికొనుచోట, చంద్రశేఖరపురమను ఊరు కలదు. అది మా ఊరు. బస్సు పలకమీదను, జనుల నోటను అది 'సీయస్ పురము'గా కురుచయైపోయినది గాని, మా తాత మాత్రము తుదివరకు ఆ పేరును పూర్తిగనే పలికెడివాడు. "ఊరిపేరు మ్రింగినవాడు రేపు పద్యపాదమును గూడ మ్రింగును" అని ఆయన వాదము. ఆయనకు పద్యమన్నను నాటకమన్నను ప్రాణము.

నా చిన్ననాట మా ఊరు నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలో నుండెను. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో నుండెడివి. 1970లో ఈ తాలూకాలతో ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా ఏర్పడినది. 1972లో దానికి టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. ఈ సంగతి యిచ్చట చెప్పుటకు కారణము కలదు. ఆంధ్ర రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియైన ఆ మహనీయుడు బాల్యమున నాటకములన్న పడిచచ్చిన పిల్లవాడు. ఒంగోలులోను, తరువాత రాజమహేంద్రవరములోను తన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి అండన రంగమెక్కి, స్త్రీ పాత్రలు సైతము ధరించెను. ఆ ముచ్చటలను ఆయనయే తన జీవితయాత్రలో వ్రాసికొనెను. కనుక మన సీమలో నాటకపు పిచ్చి ఒక్క మా తాతకే యుండెనని తలపవలదు.

మా ఊరి నాటకములకు టిక్కెట్టు లేదు. మా ఊరికి సమీపమున భైరవకోన యున్నది. అచ్చట కొండను తొలిచిన ఎనిమిది గుహాలయములు కలవు. తిరునాళ్లు వచ్చినను, దేవర కొలుపు వచ్చినను, పంటలింటికి వచ్చిన సంతోషమున పెద్దలు చందాలు వేసికొన్నను, తెల్లవారులు నాటకముండెడిది. డబ్బు చెల్లింపనక్కర లేదు గాని చోటు సంపాదింపవలెను. ప్రొద్దు గ్రుంకక మునుపే పిల్లలను పంపి చాపలు పరపించెడివారు. చాప లేనివారు గోనెపట్టా, పట్టా లేనివారు తువ్వాలు. తువ్వాలు గాలికెగిరిపోకుండ దానిమీద నొక రాయి పెట్టెడివారము. ఆ రాయి యే మా ఊరి టిక్కెట్టు. రాయిని తొలగించి కూర్చున్నవాడు ఊరందరిచేత మాట పడెడివాడు. ఆలస్యముగా వచ్చినవాడు వెనుక నిలిపిన బండ్లమీదనో, వేపకొమ్మమీదనో సర్దుకొనెడివాడు. వేపకొమ్మ కూడ నిండిన రాత్రులను నేనెరుగుదును.

టిక్కెట్టు నాటకము పట్టణములది. 1880 దశకమున ధార్వాడ నాటక సమాజమువారు తెలుగునాట తిరిగి ప్రదర్శనములిచ్చిరి. వారి తెరలు, దుస్తులు, పాటలు చూచి మనవారికి ఉత్సాహము కలిగెను. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు, రాజమహేంద్రవరములో కందుకూరి, చిలకమర్తి మున్నగువారు నాటకములను రచించిరి, ఆడించిరి. ఇంచుమించు అదే కాలమున, 1885లో, కడప జిల్లాలోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు 'కీచకవధ'ను ప్రదర్శించి సురభి నాటక సమాజమునకు అంకురార్పణ చేసిరి. అంతకు మునుపు వారి పూర్వులు తోలుబొమ్మలాడించెడివారు. సురభివారి వింత యేమనగా, ఆ సమాజమన్నను కుటుంబమన్నను ఒక్కటియే. తండ్రి రాజు వేషము వేయును, తల్లి రాణి, కొడుకు తెరలాగును, కోడలు పాడును, మనుమడు లోహితాస్యుడగును. కుటుంబము పెరిగినకొలది సమాజము చీలి మరియొక సమాజమగును. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించుట తెలుగు రంగమున అరుదుగా నుండిన దినములలోనే వారిలో స్త్రీలు రంగమెక్కిరి.

ఇట్టి సమాజములు పట్టణమునకు వచ్చి, వెదురు తడికలతోను తాటాకులతోను రేకులతోను శాలను వేసికొని, జనము వచ్చునన్నాళ్లు ఆడెడివి. నేడొక నాటకము, రేపొక నాటకము. పగలు జట్కాబండిమీద డప్పు, కరపత్రములు. రాత్రి పెట్రోమాక్సు దీపములు. గుంటూరు నుండి గుంతకల్లు పోవు రైలు మార్గమున మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరు స్టేషనులున్నవి. కనిగిరికి ఆనాడు రైలు లేదు. అచ్చటికి తెరల పెట్టెలు బండ్లమీదనో లారీమీదనో రావలసినదే. అందుచేత కనిగిరికి ఒక మంచి సమాజము వచ్చెనన్న చుట్టుపట్ల ఊళ్లన్నియు కదలెడివి.

శాలలోపల తరగతులుండెడివి. రంగమునకు దగ్గరగా కుర్చీలు, వాని వెనుక బెంచీలు, మిగిలినది నేల. కొన్ని శాలలలో నేలయే ముందుండెడిది. నేలలో ఆడవారికొక ప్రక్క, మగవారికొక ప్రక్క, నడుమ నొక త్రాడు. కుర్చీలకు అంకెలుండును. నేలకు అంకె లేదు. అది జనుల మోకాళ్లనుబట్టి పెరుగును, తరుగును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. కథలో దీని పని యున్నది.

అది 1963వ సంవత్సరము, వేసవి ముఖము. నాకు పండ్రెండేండ్లు. కనిగిరిలో దిగిన ఒక సమాజమువారు 'సత్యహరిశ్చంద్ర' ఆడుదురనియు, ఆ కాలమున పేరుమోసిన నటుడొకడు ఆ యొక్క రాత్రికి హరిశ్చంద్రుడుగా వచ్చుననియు కరపత్రము మా ఊరికి చేరెను. అప్పటికే కాంట్రాక్టు నాటకములు బాగుగా వ్యాపించియున్నవి. కాంట్రాక్టరు ఒక ఊరినుండి కృష్ణుని, మరియొక ఊరినుండి దుర్యోధనుని పిలిపించి ఒక్క రాత్రికి జట్టు కూర్చును. జనము చాలదన్న భయమున్నచో ఒకే నాటకమున ఇద్దరు కృష్ణులను, ముగ్గురు హరిశ్చంద్రులను గూడ దింపును. ఒకడు అడవి రంగము, ఒకడు వారణాసి, ఒకడు కాటిసీను. కథకు ఇది మేలో కీడో చెప్పలేను గాని, ప్రేక్షకులకు మాత్రము ఆనందమే. ఏ హరిశ్చంద్రుడు మిన్నయని నెలరోజులు వాదించుకొనుటకు వీలు కలిగెడిది.

మా తాత వయసులో నున్నప్పుడు ఊరి నాటకమున నక్షత్రకుడు వేషము కట్టినవాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర నాటకమున విశ్వామిత్రుని అప్పు వసూలు చేయుటకై రాజు వెంటబడి వేధించువాడు ఈ నక్షత్రకుడే. జనులు ఆయనను చాలకాలము పేరుపెట్టి పిలువక 'నక్షత్రకుడుగారూ' అని పిలిచెడివారట. 1963 నాటికి ఆయన కన్నులలో శుక్లములు ముదిరియుండెను. వెలుతురు తెలియును, మనిషి ఆకారము తెలియును, ముఖము తెలియదు. "ఇంకొక యేడాదికి ఈ వెలుతురును పోవును. ఆ హరిశ్చంద్రుని కాటిసీను ఒక్కమారు దగ్గర కూర్చుండి వినవలెను" అని ఆయన కోరిక. నాయనకు పొలము పని. కన్నులకు బదులుగా నన్ను వెంటబంపిరి. అవ్వ సజ్జరొట్టెలును, పచ్చిమిరపకాయల కారమును మూటగట్టెను. తాత పంచెకొంగున రెండు రూపాయల డెబ్బదియైదు నయాపైసలు ముడివేసికొనెను.

ఈ లెక్క వినుడు. ఇంటికి తిరిగివచ్చుటకు బస్సుకు తాతకు రూపాయి, నాకు అర టిక్కెట్టు, వెరసి రూపాయిన్నర. నేల టిక్కెట్టు మనిషికి అర్ధరూపాయి, ఇద్దరికి రూపాయి. మిగులునది పావలా. ఆ పావలాతో తెల్లవారి కాఫీ త్రాగుదమని తాత నాకు ఆశ పెట్టెను. నేనంతకు మునుపు కాఫీ హోటలులో కూర్చున్నవాడను కాను.

దారిలో బస్సు చక్రము పగిలెను. మరియొక చక్రము బిగించి బయలుదేరునప్పటికి దీపాలవేళ దాటిపోయెను. మేము శాల చేరునప్పటికి టిక్కెట్ల కిటికీకి అడ్డముగా పలక వ్రేలాడుచుండెను. తాత నన్నడిగెను, "ఏమి వ్రాసియున్నదిరా?" నేను చదివితిని, "హవుసు ఫుల్లు." ఆ రెండు మాటలు చదువుటకు నా నోరు వచ్చుటయే కష్టమయ్యెను.

కిటికీ ప్రక్క చీకటిలో నొకడు మెల్లగా సమీపించి, "పెద్దాయనా, నేల టిక్కెట్లు రెండున్నవి. ఒక్కొక్కటి రూపాయిన్నర" అనెను. రెండునకు మూడు రూపాయలు; మా మూట చాలదు. ఒక్కటి కొనినచో చేతమిగులునది రూపాయిం బావలా. బస్సుకు పావలా తక్కువ. నేను తాత చెవిలో "ఒకటి కొనుము తాతా, నడచిపోదము" అంటిని. ఆయన నవ్వి, "కన్ను లేనివాడు, కాలు పొట్టివాడు కలిసి పది కోసులు నడచుట యెట్లురా?" అనెను. ఇంతలో మరియొకాయన ముందుకు వచ్చి మూడు రూపాయలిచ్చి ఆ రెండు టిక్కెట్లును కొనిపోయెను. నాకు కడుపు మండెను. ఆ మంట ఎంతోసేపు నిలువలేదు. ద్వారముకడ వాదులాట వినబడెను. ఆనాటి నేల టిక్కెట్లు పసుపు కాగితము. ఆయన కొన్నవి ఎరుపు. అవి మొన్నటి నాటకపు టిక్కెట్లు. పెట్రోమాక్సు వెలుగునకు తెచ్చువరకు రంగు తెలియలేదు. అమ్మినవాడు అప్పటికే చీకటిలో కలిసిపోయెను. చీకటిలో అమ్మువాడు చీకటిలోనే అమ్ముటకు ఇదియొక కారణము.

తాత నేరుగా కిటికీ యొద్దకు పోయెను. గుమాస్తా లోపల నాణెములు దొంతరలు పెట్టుచుండెను.

"అయ్యా, టిక్కెట్లు లేవని తెలిసినది. ఎవరైన తిరిగి యిచ్చినచో మాకిత్తురా?"

గుమాస్తా తల యెత్తి, "తిరిగి యిచ్చువారు అరుదు, పెద్దాయనా. ఐనను మూడవ గంట కొట్టువరకు ఇచ్చటనే నిలువుడు. దూరముగా పోయినచో పిలువను" అనెను. "మీకంటె ముందు ఆ యమ్మ యడిగినది. వరుస వరుసయే."

చూడగా కిటికీ ఆవలివైపున నొక ముసలమ్మ గోడకానుకొని కూర్చుండి యుండెను. ఆమె వెనుక మేము. మా వెనుక మెల్లమెల్లగా ఏడెనమండుగురు చేరిరి.

మొదటి గంట మ్రోగెను. లోపల హార్మోనియము శ్రుతి సరిచూచుకొనుచుండెను. తాత తల యూపి, "ఒకటిన్నర శ్రుతి" అనెను. రెండవ గంట మ్రోగెను. మా వెనుక నిలిచినవారిలో నలుగురు విసిగి వెడలిపోయిరి. అప్పుడు లోపలినుండి ఒక భార్యయు భర్తయు గబగబ వచ్చిరి. ఆమె చంకలోని పసిబిడ్డకు ఒళ్లు కాలిపోవుచుండెను. భర్త టిక్కెట్లను కిటికీలో బెట్టి, "డబ్బులిచ్చిన ఇండు, లేకున్న లేదు, వైద్యుని యింటికి పోవలెను" అనెను. గుమాస్తా మారుమాటాడక రూపాయి తీసియిచ్చెను. ఆ రెండింటిలో నొకటి ఆడవారి నేల, ఒకటి మగవారి నేల. ముసలమ్మ అర్ధరూపాయి యిచ్చి తన చీటిని కొంగున ముడివేసికొని లోనికి పోయెను. మిగిలిన చీటి మాది.

ఒకటే చీటి, మేమిద్దరము.

"నీవు పొమ్ము నాయనా. నాకీ నాటకమంతయు కంఠస్థము. నీవు చూడలేదు" అని తాత చీటిని నా చేత బెట్టెను.

"చూచుటకు వచ్చినది నేను కాదు, తాతా" అని నేను తిరిగి ఆయన చేత బెట్టితిని.

ఇట్లు రెండుమూడు మారులు ఆ చీటి చేతులు మారెను. గుమాస్తా, "త్వరగా తేల్చుకొనుడు. గంట కొట్టుచున్నారు" అనెను. మూడవ గంట మ్రోగెను. నేను తాత చేయి పట్టుకొని ద్వారమువరకు నడిపించి, కాపలావానితో, "మా తాతకు చూపు ఆనదు. ముందువరుసలో కూర్చుండబెట్టుము" అని చెప్పి వెనుకకు వచ్చితిని. నేను గొప్ప త్యాగము చేసితినని తలపకుడు. వచ్చిన మరుక్షణముననే నాకేడ్పు వచ్చెను.

శాల తడికకు వెలుపల నాబోటి పిల్లలు పలువురుండిరి. వారు తడికలో కన్నము చేసికొని చూచుట, కాపలావాడు బెత్తముతో వచ్చుట, వారు పరుగెత్తుట, మరల వచ్చుట, ఇది యొక రెండవ నాటకము. నేను కిటికీ యరుగుమీదనే కూర్చుండి వింటిని. పద్యము చెవికి వచ్చును. పద్యము తరువాత లోపల 'వన్సుమోరు' అను కేక వచ్చును. రంగమున నేమి జరుగుచున్నదో తెలియదు. రాజు రాజ్యము దానము చేసెను. అడవిలో నడచెను. నక్షత్రకుడు వచ్చినప్పుడు జనము నవ్విరి. అందులో నొక నవ్వు తాతదని నాకు తోచెను.

నడిరేయి విరామమైనది. గుమాస్తా లెక్క ముగించి పుస్తకము మూసి, నన్ను చూచి, "ఇచ్చటనే యున్నావా?" అనెను. నేను అర్ధరూపాయి చూపితిని. "లెక్క కట్టివేసితిని. ఇక టిక్కెట్టు చింపను. పావలా ఇమ్ము, రేపటి పద్దులో పిల్లవాడని వ్రాసెదను" అని కాపలావానికి సైగ చేసెను. నేను లోనికి పోవుచుండగా ఆయన తనలో తాననుకొనునట్లుగా, "నేలలో ఒక పిల్లవానికి చోటు లేకపోదు. తెర లేచిన పిమ్మట ఖాళీచోటు ఎవరికి కావలెను?" అనెను. నలుగురు మోకాళ్లు జరుపుకొనిరి; నేను తాత ప్రక్కన ఇమిడితిని.

కాటిసీను తెల్లవారుజామున వచ్చినది. ఆ రంగమున గుర్రము జాషువాగారి శ్మశాన పద్యములను చేర్చి పాడుట నటులకు అప్పటికే వాడుకయైయుండెను. జాషువాగారిది మా సీమకు దూరము గాని వినుకొండ. అంత జనములో దగ్గు వినబడలేదు. తాత కన్నులు మూసికొని యుండెను. ఎటులను ముఖము కనబడదు గదా యని మూసికొనెనని తరువాత చెప్పెను.

ఆ గుమాస్తా మాటను నేను చాలకాలము మరువలేదు. పెద్దవాడనై, ఉపాధ్యాయుడనై, దేశదేశముల నాటకశాలల సంగతులు చదివినప్పుడు, ఆ కిటికీలో ఆయన చెప్పినదే అన్నిచోట్లను లెక్కయని తెలిసినది. సంతలో అమ్ముడుపోని వంకాయ సాయంకాలమునకు వాడును, చవకగానైన పోవును. అమ్ముడుపోని గుడ్డ రేపటికి నిలుచును. నాటకములోని చోటు మాత్రము ఒక్క క్షణమున, తెర లేచునప్పుడు, వెలలేనిదై పోవును. కనుక తెర లేచుటకు ముందు గడియలోనే ఆశకు తావున్నది.

న్యూయార్కు నగరమున టైమ్స్ స్క్వేరు చెంత 1973 జూనులో 'టీకేటీయస్' అను కొట్టును తెరచిరి. ఆనాటి ప్రదర్శనములలో మిగిలిపోయిన చోట్లను ఆనాడే తక్కువ వెలకు అమ్ముట దాని పని. 1980లో లండనులోని లెస్టర్ స్క్వేరున అట్టిదే ఏర్పడినది. జనులు గొడుగులు పట్టుకొని వరుసలలో నిలుతురు. ఏ నాటకమునకు చోటు దొరకునో ముందుగా తెలియదు. ఏది దొరికిన అది చూతమను మనసున్నవానికే అది తగినది. 2015లో అదే న్యూయార్కున 'హామిల్టన్' అను సంగీత నాటకమునకు జనము విరుగబడగా, ముందువరుసలోని కొన్ని చోట్లను లాటరీ వేసి పది డాలర్ల కిచ్చిరి. ఆ హామిల్టన్ బొమ్మ అమెరికావారి పది డాలర్ల నోటుమీద నుండుటయే ఆ వెలకు కారణము. చీట్లు తీయునప్పుడు శాల వెలుపల వందలకొలది చేరెడివారు.

ఇక మన నేలకు సాటి వెదకినచో షేక్‌స్పియరు కాలమునకు పోవలెను. 1599లో లండనులో కట్టిన గ్లోబు నాటకశాలలో రంగము ముందటి ముంగిలిలో నిలుచుండి చూచువారు ఒక పెన్నీ చెల్లించెడివారు. పైన కప్పు లేదు. వాన వచ్చిన తడియుటయే. కూర్చుండవలెనన్న ఇంకొక పెన్నీ. ఆ శాలకు నమూనాగా 1997లో తెరచిన క్రొత్త గ్లోబులో నేటికిని సుమారు 700 మంది ముంగిలిలో నిలిచి చవకగా చూచుదురు. కుర్చీలవారికంటె వారే నటునికి దగ్గర. మన నేలవారికిని ఆ గర్వముండెడిది. కేకలు వేయునది వారు, వన్సుమోరు కోరునది వారు, నటుడు ముందుగా చూచునది వారి ముఖములు.

మన దేశమున నేడు స్థితి వేరు. హైదరాబాదులో 1961లో తెరచిన రవీంద్రభారతియందును ఇతర సభామందిరములయందును నాటకములు పెక్కులు టిక్కెట్టు లేకయే జరుగును. అచ్చట చిక్కు టిక్కెట్టుతో గాదు, ముందువరుసలకు కట్టిన త్రాళ్లతో. 'అతిథులకు' అని వ్రాసిన కుర్చీలు ఖాళీగా నుండగా వెనుక జనము నిలుచుండుట నేను పలుమారులు చూచితిని. ప్రారంభమైన కొంతసేపటికి నిర్వాహకుడు త్రాడు విప్పును. అప్పుడు పరుగులు. అదియు నొక తుదిక్షణపు టిక్కెట్టే. దానికి వెల లేదు గాని సిగ్గు విడువవలెను. సురభివారి నాటకములు, ముఖ్యముగా 'మాయాబజారు', ఆడుచోట మాత్రము ఇప్పటికిని టిక్కెట్ల కిటికీయొద్ద గుంపును చూడవచ్చును. ఘటోత్కచుని మాయలు, గాలిలో తేలు పాత్రలు, ఎదురెదురుగా వచ్చి నిప్పులు చిమ్ము బాణములు కన్నులయెదుట జరుగుచుండగా పిల్లలు కుర్చీలెక్కి నిలుతురు. చరవాణిలోనే చోటు కొనుట నేడు వాడుకయైనది. అన్నియు అమ్ముడైనవని ఆ తెర చూపినను, శాలకు పోయి మర్యాదగా అడిగినవానికి చోటు దొరకుట నేనెరుగుదును. రాలేకపోయినవాడు చరవాణిలోనైనను కిటికీలోనైనను రాలేకపోయినవాడే. కొనునప్పుడు మాత్రము తేదీ చూచుకొనవలెను. వెనుకటి ఎరుపు పసుపుల చిక్కు నేడు వేరు రూపమున నున్నది: ఒకే చీటి నకలును పలువురికి అమ్మువారున్నారు, ద్వారముకడ మొదట వచ్చినవానికే అది చెల్లును.

తెల్లవారి మా లెక్క యిట్లుండెను. తాత టిక్కెట్టు అర్ధరూపాయి, నాది పావలా. బస్సుకు రూపాయిన్నర తీసిపెట్టగా అర్ధరూపాయి మిగిలెను. కనిగిరి బస్సుల నిలయము కడ హోటలులో ఇద్దరము కాఫీ త్రాగితిమి. నేను నాలుక కాల్చుకొంటిని. బస్సులో తాత నడిరేయి వరకు జరిగినదంతయు నాకు ఆడి చూపెను. నక్షత్రకుని మాటలు వచ్చినప్పుడు ఆయన గొంతు పెరిగి, ముందు సీటులోనివారు వెనుదిరిగి చూచిరి. ఒకాయన, "బాకీ మాది కాదు స్వామీ!" అని చేతులు జోడించెను. బస్సంతయు నవ్వెను.

మరుసటి యేడు తాతకు నెల్లూరిలో కంటికి శస్త్రచికిత్స చేసిరి. దళసరి అద్దములు పెట్టుకొని నన్ను చూచి, "నీకింత నల్లరంగు ఎవరి పోలికరా?" అనెను. ఆ హరిశ్చంద్రుని ముఖము కూడ చూడవలెనని ఎంతో అడిగెను. ఆ నటుడు మా సీమకు మరల రాలేదు. కరపత్రము వచ్చినప్పుడెల్ల పేరు చదువుమనెడివాడు, నేను చదివెడివాడను, "అతడు కాదు" అని మడచి పెట్టెడివాడు. ఆయన పంచాంగములో పసుపు చీటి సగము ముక్క యుండెను. ఆయన పోయిన తరువాత దానిని నేను తీసికొంటిని. రంగు వెలసినది. 'నేల' అను రెండక్షరములు మాత్రమింకను కనబడుచున్నవి.